మనిషికి మందు, మూగజీవికి విషం: కుక్కలు, పిల్లుల సాధారణ వ్యాధులు – ఇంటి మందుల వాడకంపై శాస్త్రీయ పరిశీలన

వ్యాససంగ్రహం:

పెంపుడు కుక్కకో పిల్లికో ఒళ్ళు వెచ్చబడినా, అది కుంటినా, వాంతి చేసుకున్నా ఇంట్లో మనుషుల కోసం ఉంచిన మాత్రను తుంచి వేయడం చాలా కుటుంబాలలో కనిపించే అలవాటు. శరీరం చిన్నది కనుక మోతాదు తగ్గిస్తే చాలునన్న నమ్మకం దీనికి మూలం. కానీ మందు మేలు చేయడం, కీడు చేయడం శరీర పరిమాణంపైనే ఆధారపడవు. ఆ మందును విరిచి బయటికి పంపే శక్తి ఆ జాతికి ఎంత ఉందన్నది అంతకంటె ముఖ్యం. పారాసిటమాల్, ఇబుప్రొఫెన్, ఐవర్‌మెక్టిన్, పెర్మెత్రిన్ వంటి మందులు కుక్కలలో, పిల్లులలో ఎందుకు భిన్నంగా ప్రవర్తిస్తాయో ఈ వ్యాసం వివరిస్తుంది. పార్వో, పిడుదుల జ్వరం, మూత్రబంధం, రేబిస్ వంటి వ్యాధులలో ఇంటి వైద్యం ఎక్కడ ప్రాణాంతకమవుతుందో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: పశువైద్యం, కుక్క, పిల్లి, పారాసిటమాల్, ఐవర్‌మెక్టిన్, పార్వో, పిడుదుల జ్వరం, రేబిస్, మోతాదు.

1. ఉపోద్ఘాతం:

మహాభారత కథ ఆదిపర్వంలో ఒక కుక్కపిల్ల ఏడుపు దగ్గర మొదలవుతుంది. జనమేజయుని యాగశాల దగ్గర ఏ తప్పూ చేయని కుక్కపిల్లను అతని తమ్ములు కొడతారు. ఆ పిల్ల తల్లి సరమ వచ్చి రాజును నిలదీస్తుంది. నన్నయ తెలుగు భారతంలోనూ ఈ ఘట్టం ఉంది. కుక్కకు ‘సారమేయము’ అన్న పేరు ఈ సరమ వల్లనే వచ్చింది. నోరులేని ప్రాణికి జరిగిన హాని తెలిసి చేసినదైనా తెలియక చేసినదైనా బాధ ఆ ప్రాణిదే. ఈ వ్యాసం చర్చించేది ద్వేషంతో చేసే హానిని కాదు, ప్రేమతో చేసే హానిని.

భారతీయ వైద్య సంప్రదాయం ప్రాణుల మధ్య భేదాన్ని చాలా ముందే గుర్తించింది. మనుషుల వైద్యానికి చరక, సుశ్రుత సంహితలు ఉండగా, గుర్రాల వైద్యం శాలిహోత్రుని పేర, ఏనుగుల వైద్యం పాలకాప్యుని పేర వేరు శాస్త్రాలుగా వెలిశాయి. ఒక జాతికి చెప్పిన చికిత్సను మరొక జాతికి యథాతథంగా వాడరాదన్న స్పృహ ఇందులో ఉంది. ఆధునిక ఔషధశాస్త్రం ఆ స్పృహకు కారణాలను ఎంజైముల స్థాయిలో, జన్యువుల స్థాయిలో చూపగలిగింది.

మందు శరీరంలో చేరిన తరువాత నాలుగు దశలు దాటుతుంది. పేగుల నుంచి రక్తంలోకి చేరడం, అవయవాలకు వ్యాపించడం, ముఖ్యంగా కాలేయంలో రసాయనికంగా మారడం, మూత్రం ద్వారానో పిత్తం ద్వారానో బయటికి పోవడం ఆ దశలు. వీటిలో మూడవ దశలో జాతుల మధ్య తేడా చాలా ఎక్కువ. పిల్లి చిన్న కుక్క కాదు, కుక్క చిన్న మనిషి కాదు. ఈ మాట పశువైద్య విద్యలో తొలిపాఠం. ఇళ్ళలో మాత్రం ఇది ఇంకా చేరవలసిన పాఠం.

2. జ్వరమనే భ్రమ:

ఇంటి వైద్యంలో మొదటి పొరపాటు చాలాసార్లు రోగ నిర్ణయంలోనే జరుగుతుంది. ఆరోగ్యవంతుడైన మనిషి శరీర ఉష్ణోగ్రత సుమారు 98.6 డిగ్రీల ఫారన్‌హీట్. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు, పిల్లికి అది సాధారణంగా 100.5 నుంచి 102.5 డిగ్రీల దాకా ఉంటుంది. కనుక మనిషి చేతికి వాటి చెవులు, పొట్ట ఎప్పుడూ వెచ్చగానే తగులుతాయి. పిల్లిని ఒడిలో పెట్టుకున్నవారు “ఒళ్ళు కాలిపోతోంది” అనుకోవడానికి ఈ సహజమైన తేడాయే కారణం కావచ్చు.

ముక్కు పొడిగా ఉంటే జ్వరమన్న నమ్మకం కూడా సరైనది కాదు. నిద్రలేచినప్పుడు, ఎండలో పడుకున్నప్పుడు ఆరోగ్యంగా ఉన్న కుక్కకూ ముక్కు పొడిబారుతుంది. జ్వరాన్ని గుదంలో థర్మామీటరు పెట్టి చూస్తేనే నమ్మకంగా తెలుస్తుంది. లేని జ్వరానికి మాత్ర వేయడం వల్ల ఉపయోగం శూన్యం, ప్రమాదం మాత్రం పూర్తిగా మిగులుతుంది. ఉన్న జ్వరానికి వేసినా ప్రమాదం తగ్గదు.

3. పారాసిటమాల్ – పిల్లి:

తెలుగు ఇళ్ళలో అందరికీ తెలిసిన జ్వరం మాత్ర పారాసిటమాల్. మనిషి కాలేయం ఈ మందులో ఎక్కువ భాగానికి గ్లూకురోనిక్ ఆమ్లాన్ని జతచేసి, నీటిలో తేలికగా కరిగేలా మార్చి, మూత్రంలోకి పంపుతుంది. ఈ ప్రక్రియను గ్లూకురోనిడేషన్ అంటారు. ఈ పనికి కావలసిన ఒక ముఖ్యమైన ఎంజైమును తయారుచేసే జన్యువు పిల్లి జాతిలో పనిచేయని స్థితిలో ఉంది. అనాదిగా మాంసం మాత్రమే తిని బ్రతికే ప్రాణికి మొక్కలలోని రసాయనాలను విరిచే అవసరం తక్కువ కనుక, ఈ జన్యువు చెడినా పిల్లి మనుగడకు లోటు రాలేదని శాస్త్రవేత్తలు వివరిస్తారు.

ఆ దారి మూసుకుపోవడంతో మందు మరో దారి పడుతుంది. అక్కడ కణాలను దెబ్బతీసే విషపదార్థం తయారవుతుంది. దాన్ని నిర్వీర్యం చేసే గ్లూటథయోన్ నిల్వలు త్వరగా అడుగంటుతాయి. అప్పుడు ఆ దెబ్బ ఎర్ర రక్తకణాలపై పడుతుంది. హిమోగ్లోబిన్ అణువులో ఇలాంటి దాడికి తేలికగా లొంగే గంధక స్థానాలు మనిషికి 2, కుక్కకు 4 ఉండగా పిల్లికి 8 ఉంటాయి. అందువల్ల పిల్లి హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను మోయలేని మెథిమోగ్లోబిన్‌గా వేగంగా మారిపోతుంది. రక్తం చాక్‌లెట్ రంగుకు తిరుగుతుంది. ఊపిరితిత్తులు బాగానే ఉన్నా శరీరానికి ప్రాణవాయువు అందదు.

ఇంటివారికి కనిపించే లక్షణాలు ఇవి: చిగుళ్ళు గులాబి రంగు కోల్పోయి గోధుమ లేదా నీలి రంగుకు మారడం, ముఖం, ముందు పాదాలు వాయడం, ఆయాసం, నోటి నుంచి చొంగ కారడం, మగతగా పడి ఉండడం. ఇవి కొద్ది గంటలలోనే మొదలుకావచ్చు.

మోతాదు లెక్కను పరిశీలిస్తే ప్రమాద తీవ్రత తెలుస్తుంది. 60 కిలోల మనిషి 500 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటే కిలోకు సుమారు 8 మిల్లీగ్రాములు పడుతుంది. అదే మాత్ర 4 కిలోల పిల్లికి వేస్తే కిలోకు 125 మిల్లీగ్రాములు. 650 మిల్లీగ్రాముల మాత్రలో నాలుగోవంతు తుంచి వేసినా కిలోకు 40 మిల్లీగ్రాములు అవుతుంది. కిలోకు 10 మిల్లీగ్రాముల దగ్గరే పిల్లులలో విషలక్షణాలు నమోదయ్యాయి. అంటే పిల్లికి పారాసిటమాల్‌లో ‘కొంచెం’ అన్నది లేదు. సురక్షితమైన మోతాదే లేదని భావించి, ఆ మందును పిల్లికి పూర్తిగా నిషిద్ధంగా చూడాలి.

దీనికి విరుగుడు ఉంది. ఎసిటైల్‌సిస్టైన్ అనే మందు గ్లూటథయోన్ నిల్వలను తిరిగి నింపడానికి తోడ్పడుతుంది. అయితే అది వేళకు అందాలి. ఇంట్లో ఏ మాత్ర వేశారో పశువైద్యుడికి చెప్పడానికి సంకోచించిన ప్రతి గంటా ఆ విరుగుడు పనిచేసే అవకాశాన్ని తగ్గిస్తుంది.

4. నొప్పి మాత్రలు – కుక్క:

కుక్క కుంటుతోందని, వయసు మళ్ళి లేవలేకపోతోందని ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వంటి నొప్పి మాత్రలు వేయడం మరో అలవాటు. ఈ మందులు నొప్పిని, వాపును కలిగించే ప్రోస్టాగ్లాండిన్ల ఉత్పత్తిని అడ్డుకుంటాయి. కానీ ప్రోస్టాగ్లాండిన్లు నొప్పికే పరిమితం కావు. జీర్ణాశయం లోపలి పొరను ఆమ్లం నుంచి కాపాడేవీ, శరీరంలో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలకు రక్తప్రసరణ నిలిపేవీ అవే. నొప్పిని ఆపబోయి ఈ రెండు రక్షణలనూ తొలగించినట్లవుతుంది.

కుక్కలో ఇబుప్రొఫెన్ పిత్తం ద్వారా పేగులోకి చేరి మళ్ళీ రక్తంలోకి పీల్చబడుతూ తిరుగుతుంది. అందువల్ల దాని ప్రభావం ఎక్కువసేపు నిలుస్తుంది. ఫలితంగా జీర్ణాశయంలో పుండ్లు పడతాయి. వాంతిలో రక్తం, తారులాంటి నల్లని విరేచనం కనిపిస్తాయి. మోతాదు పెరిగితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. పిల్లులు ఈ మందుకు కుక్కలకంటె ఇంకా తేలికగా లొంగిపోతాయి. ఆస్పిరిన్ విషయంలో తేడా మరింత స్పష్టం. రక్తంలో ఆ మందు సగానికి తగ్గడానికి కుక్కలో సుమారు 8 గంటలు పడితే, పిల్లిలో దాదాపు ఒకటిన్నర రోజు పడుతుంది. ఉదయం, సాయంత్రం చొప్పున వేసిన మందు పిల్లి ఒంట్లో మెట్టు మెట్టుగా పేరుకుపోతుంది.

పశువైద్యంలో కుక్కల నొప్పికి మెలాక్సికామ్, కార్‌ప్రొఫెన్ వంటి మందులు వాడతారు. మెలాక్సికామ్ మనుషులకూ ఉన్నదే. అలాగని మనుషుల మాత్ర వేయవచ్చా? పశువైద్యంలో కుక్కకు మొదటి రోజు మోతాదు కిలోకు 0.2 మిల్లీగ్రాములు. 10 కిలోల కుక్కకు అది 2 మిల్లీగ్రాములు. మనుషుల మాత్ర 15 మిల్లీగ్రాములది అయితే ఒక్క మాత్రతో ఏడున్నర రెట్లు ఎక్కువ పడుతుంది. మందు పేరు ఒకటే అయినా, మాత్ర ఒకటే కాదు.

5. పిడుదులు, గజ్జి మందులు:

5.1 ఐవర్‌మెక్టిన్:

జపాన్ శాస్త్రవేత్త సతోషి ఒముర మట్టిలోని సూక్ష్మజీవుల నుంచి తీసిన పదార్థం ఆధారంగా, విలియం క్యాంప్‌బెల్‌తో కలిసిన పరిశోధన వల్ల ఐవర్‌మెక్టిన్ రూపొందింది. వారిద్దరికీ 2015లో నోబెల్ బహుమతి లభించింది. నదీతీరపు అంధత్వం వంటి వ్యాధుల నుంచి లక్షలాది మందిని కాపాడిన మందు ఇది. కుక్కల గజ్జికి కూడా దీన్ని వాడతారు.

ఐవర్‌మెక్టిన్ పరాన్నజీవుల నరాలను స్తంభింపజేసి చంపుతుంది. పాలిచ్చే జంతువుల మెదడుకు అది చేరకుండా రక్తానికీ మెదడుకూ మధ్య కాపలా ఉంటుంది. పి-గ్లైకోప్రోటీన్ అనే పంపు వంటి ప్రోటీన్ లోపలికి వచ్చిన మందును తిరిగి రక్తంలోకి నెట్టివేస్తుంది. కోలీ తదితర గొర్రెల కాపరి జాతుల కుక్కలలో చాలావాటికి ఈ ప్రోటీన్‌ను తయారుచేసే ఎండీఆర్1 జన్యువులో లోపం ఉన్నట్లు 2001లో వెల్లడైంది. ఆ జన్యువులో నాలుగే అక్షరాలు లోపించడం వల్ల కాపలాదారు లేకుండాపోతాడు. అలాంటి కుక్కకు గజ్జి మోతాదు ఇస్తే వణుకు, తూలడం, చూపు తప్పడం, చివరికి స్పృహ కోల్పోవడం సంభవిస్తాయి.

ఇక్కడా లెక్కే ప్రధానం. హృదయపురుగు రాకుండా కుక్కకు ఇచ్చే ఐవర్‌మెక్టిన్ మోతాదు కిలోకు 6 మైక్రోగ్రాములు. మనుషుల 12 మిల్లీగ్రాముల మాత్రను 10 కిలోల కుక్కకు వేస్తే కిలోకు 1200 మైక్రోగ్రాములు, అంటే 200 రెట్లు. పశువుల కోసం తయారైన సూదిమందును అంచనాతో కుక్కకు పొడిచినా ఇలాంటి ప్రమాదమే ఏర్పడుతుంది. సంకరజాతి కుక్కలో ఏ జన్యువు ఉందో చూపుతో తెలియదు. విరేచనాలు ఆపడానికి మనుషులు వేసుకునే లోపెరమైడ్‌ను కూడా ఇదే ప్రోటీన్ మెదడులోకి పోకుండా ఆపుతుంది. కనుక ఈ లోపమున్న కుక్కకు అదీ ముప్పే.

5.2 పెర్మెత్రిన్:

కుక్కల మెడ వెనుక చుక్కలుగా వేసే కొన్ని పిడుదుల మందులలో పెర్మెత్రిన్ ఉంటుంది. మనుషుల గజ్జికి రాసే లేపనంలోనూ అదే ఉంటుంది. కుక్క దీన్ని తట్టుకుంటుంది. పిల్లి శరీరం దీన్ని తగినంత వేగంగా విరవలేదు. చెవులు, కండరాలు అదరడం, వణుకు, మూర్ఛలు వస్తాయి. మందు వేసిన కుక్క పక్కన పడుకున్నా, దాని వెంట్రుకలను నాకినా పిల్లికి విషం తగలవచ్చు. రెండు ప్రాణులూ ఉన్న ఇంట్లో మందు ఆరేవరకు వాటిని వేరువేరుగా ఉంచాలి.

ఇదే కారణంతో ఫినాల్ జాతి రసాయనాలున్న నేల శుభ్రపరిచే ద్రవాలు కూడా పిల్లికి మంచివి కావు. తడి నేలపై నడిచిన పిల్లి తన పాదాలను నాకి శుభ్రం చేసుకుంటుంది. ఇల్లు తుడిచిన ప్రతిసారీ అది కొంచెం విషం మింగుతుంది. గేదెలకు, ఆవులకు పిచికారీ చేసే పిడుదుల మందును మిగిలింది కదా అని కుక్కపై పోయడం పల్లెలలో జరిగే మరో ప్రమాదకరమైన పొదుపు.

6. సాధారణ వ్యాధులు – ఇంటి వైద్యం వికటించే సందర్భాలు:

6.1 పార్వో:

1978 ప్రాంతంలో ప్రపంచమంతటా కుక్కలలో ఒక కొత్త వైరస్ వ్యాపించింది. పిల్లులలో తెల్ల రక్తకణాలను హరించే పాన్‌ల్యూకోపీనియా వైరస్‌కు ఇది దగ్గరి బంధువు. అదే పార్వో. పుట్టిన ఆరు వారాల నుంచి ఆరు నెలల లోపు పిల్లలపై దీని దాడి ఎక్కువ. పేగుల లోపలి పొరలోని కణాలు నశించి, వాంతులు, దుర్వాసనతో కూడిన రక్త విరేచనాలు మొదలవుతాయి. తెల్ల రక్తకణాలు పడిపోతాయి. కుక్కపిల్ల చనిపోయేది చాలావరకు నీరు, లవణాలు కోల్పోవడం వల్ల, పేగు గోడ దాటి రక్తంలో చేరిన బ్యాక్టీరియా వల్ల.

చికిత్సకు ప్రాణాధారం సెలైన్. యాంటీబయాటిక్స్ వైరస్‌ను చంపవు. బ్యాక్టీరియా దాడిని అడ్డుకోవడానికే వాటిని ఇస్తారు. ఒళ్ళు వెచ్చగా ఉందని ఈ దశలో నొప్పి మాత్ర వేస్తే, నీరు తగ్గిన శరీరంలో మూత్రపిండాలకు మిగిలిన కాస్త రక్షణ కూడా పోతుంది. నోటి ద్వారా బలవంతంగా మజ్జిగ, గంజి పోయడం వల్ల వాంతి పెరగడమే కాక ద్రవం ఊపిరితిత్తులలోకి పోవచ్చు.

టీకాల వరుసను మధ్యలో ఆపడం మరో సమస్య. తల్లి పాల ద్వారా వచ్చిన ప్రతిరక్షకాలు పిల్లను కాపాడుతూనే, టీకా పని చేయకుండా అడ్డుపడతాయి. అవి ఎప్పుడు తగ్గుతాయో ఒక్కొక్క పిల్లకు ఒక్కొక్క తీరు. అందుకే 6 – 8 వారాల వయసులో మొదలుపెట్టి, కొన్ని వారాల వ్యవధితో, 16 వారాలు నిండేవరకు టీకాలు వేస్తారు. “ఒక సూది వేయించాం కదా” అన్న ధీమా సరిగ్గా ఈ సంధికాలంలోనే భగ్నమవుతుంది.

6.2 పిడుదుల జ్వరం:

తెలుగు ప్రాంతాల వేడి వాతావరణం గోధుమరంగు కుక్క పిడుదుకు అనుకూలం. ఇది ఇంటి గోడల పగుళ్ళలో కూడా గుడ్లు పెట్టి పెరుగుతుంది. దీని కాటు ద్వారా ఎర్లీకియా అనే బ్యాక్టీరియా, బబీసియా అనే పరాన్నజీవి కుక్క రక్తంలో చేరతాయి. జ్వరం, ఆకలి మందగించడం, చిగుళ్ళు పాలిపోవడం, పొట్ట చర్మంపై ఎర్రని చుక్కలు, ముక్కు వెంట రక్తం కారడం దీని లక్షణాలు. ఎర్లీకియా వల్ల రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు తగ్గిపోతాయి.

ఇంటి వైద్యానికీ ఈ వ్యాధికీ ఉన్న వైరం ఇక్కడే. నొప్పి మాత్రలలో చాలావాటికి, ముఖ్యంగా ఆస్పిరిన్‌కు, ప్లేట్‌లెట్ల పనిని మందగింపజేసే గుణం ఉంది. ఇప్పటికే ప్లేట్‌లెట్లు తగ్గిన కుక్కకు జ్వరమని ఆ మాత్ర వేస్తే రక్తస్రావం అదుపు తప్పుతుంది. ఎర్లీకియాకు సరైన మందు డాక్సీసైక్లిన్. ఒకటి రెండు రోజులలోనే కుక్క లేచి తిరుగుతుంది. అక్కడితో ఆపేస్తే వ్యాధి దాగి ఉండి, నెలల తరువాత ఎముక మజ్జను దెబ్బతీసే దీర్ఘరోగంగా తిరిగి రావచ్చు. 28 రోజుల చికిత్స ఎందుకన్న ప్రశ్నకు సమాధానం ఇదే. బబీసియాకు డాక్సీసైక్లిన్ ఒక్కటే చాలదు. రక్తపరీక్ష లేకుండా మందు ఎంచుకోకూడదనడానికి ఇది తగిన నిదర్శనం.

6.3 మగపిల్లి మూత్రబంధం:

మగపిల్లి మూత్రనాళం చాలా సన్నన. స్ఫటికాలు, జిగురు పదార్థం చేరి అది మూసుకుపోవచ్చు. పిల్లి పదేపదే కూర్చుని ముక్కుతుంది, అరుస్తుంది, మర్మస్థానాన్ని నాకుతుంది. చూసినవారు మలబద్ధకమనుకొని ఆముదం పోస్తారు. లోపల మూత్రాశయం రాయిలా బిగుసుకుంటుంది. రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది. ఒకటి రెండు రోజులలో మరణం సంభవించవచ్చు. ఇది రేపటికి వాయిదా వేయదగిన జబ్బు కాదు. మూత్రం చుక్క కూడా రాని మగపిల్లిని ఆ రాత్రికి రాత్రే వైద్యుడి దగ్గరికి చేర్చాలి.

6.4 రేబిస్:

లూయీ పాశ్చర్ 1885లో రేబిస్ టీకాను మనిషికి వేసి చూపాడు. నూట నలభై ఏళ్ళు గడిచినా, లక్షణాలు బయటపడిన తరువాత ఈ వ్యాధి నుంచి బ్రతికి బయటపడడం అత్యంత అరుదు. దీనికి ఏ ఇంటి మందూ లేదు. కనుక పెంపుడు కుక్కకు, పిల్లికి మూడు నెలల వయసులో టీకా, తరువాత వైద్యుడు చెప్పిన గడువులో బూస్టరు తప్పనిసరి.

రేబిస్ అనగానే మీదపడి కరిచే వెర్రికుక్క స్ఫురిస్తుంది. పక్షవాతరూపంలో వచ్చే రేబిస్‌లో కుక్క మౌనంగా ఉంటుంది. దవడ వేలాడుతుంది, చొంగ కారుతుంది, మింగలేదు. గొంతులో ఎముక ఇరుక్కుందని నోట్లో చేయి పెట్టి చూసిన యజమాని తెలియకుండానే వైరస్ బారిన పడతాడు. కాటు లేదా గీరు పడితే ఆ గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీటితో 15 నిమిషాలు కడగాలి. వెంటనే ఆసుపత్రికి వెళ్ళి టీకా వేయించుకోవాలి. గాయంపై కారం, సున్నం, పసరు పూయరాదు.

7. యాంటీబయాటిక్స్, స్టెరాయిడ్లు:

మిగిలిపోయిన యాంటీబయాటిక్ మాత్రలు ఇంటి మందుల డబ్బాలో తరచుగా ఉంటాయి. వీటిలోనూ జాతిభేదం ఉంది. పశువైద్యంలో విరివిగా వాడే ఎన్‌రోఫ్లాక్సాసిన్ మోతాదు మించితే పిల్లి కంటి రెటీనాను దెబ్బతీసి అంధత్వం కలిగిస్తుంది. డాక్సీసైక్లిన్ మాత్రను పిల్లికి పొడిగా మింగిస్తే అది అన్నవాహికలో అంటుకొని పుండుచేసి, ఆ దారి ఇరుకైపోయేలా చేయవచ్చు. మాత్ర తరువాత కొంచెం నీరు తాగించడం వంటి చిన్న జాగ్రత్త అక్కడ ప్రాణరక్షణ అవుతుంది.

దురదకు స్టెరాయిడ్ వేస్తే ఒక్క రోజులో ఉపశమనం కనిపిస్తుంది. అందువల్లనే అది దుర్వినియోగానికి గురవుతుంది. దురదకు మూలం గజ్జి పురుగైతే స్టెరాయిడ్ రోగనిరోధక శక్తిని తగ్గించి ఆ పురుగుకే మేలు చేస్తుంది. స్టెరాయిడ్‌నూ నొప్పి మాత్రనూ ఒకేసారి వాడితే జీర్ణాశయపు పుండ్ల ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఒక వైద్యుడు స్టెరాయిడ్ సూది వేసిన సంగతి చెప్పకుండా, ఇంట్లో నొప్పి మాత్ర వేయడం ఈ ప్రమాదానికి దారి.

8. వంటింట్లోని విషాలు:

మందులు మాత్రమే కాదు, ఆహారం కూడా ఈ జాతిభేదానికి అతీతం కాదు. తెలుగువారి కూరలకు ఉల్లి, వెల్లుల్లి ఆధారం. వీటిలోని గంధక సమ్మేళనాలు కుక్కల, పిల్లుల ఎర్ర రక్తకణాలను పగులగొట్టి రక్తహీనత తెస్తాయి. వండినంత మాత్రాన ఆ గుణం పోదు. ఉల్లిముద్ద కలిసిన కోడికూర అన్నం రోజూ పెడితే దాని ప్రభావం పోగవుతూ ఉంటుంది.

ద్రాక్ష, కిస్మిస్ తిన్న కుక్కలలో మూత్రపిండాలు చెడిపోవడం చాలాకాలంగా తెలిసిన విషయమే. కారణం టార్టారిక్ ఆమ్లం కావచ్చునని 2021లో పశువిష నిపుణులు ప్రతిపాదించారు. ఆ ఆమ్లం పుష్కలంగా ఉన్న చింతపండు తిన్న కుక్కలలోనూ ఇలాంటి హాని కనిపించడం ఆ ప్రతిపాదనకు ఒక ఆధారం. చింతపండు పులుసు, పులిహోర నిత్యం ఉండే ఇళ్ళకు ఇది దూరపు విషయం కాదు. చాక్‌లెట్‌లోని థియోబ్రొమిన్ కుక్క గుండెను, నరాలను ఉద్రేకపరుస్తుంది. చక్కెర లేని చూయింగ్ గమ్ములలో ఉండే జైలిటాల్ కుక్కలో ఇన్సులిన్‌ను ఒక్కసారిగా ఉప్పొంగించి, రక్తంలో చక్కెరను ప్రమాదకరంగా తగ్గిస్తుంది.

9. ఇంటి గడప దాటిన ఉదాహరణ – డైక్లోఫెనాక్, రాబందు:

ఒక జాతికి మేలు చేసిన మందు మరొక జాతిని తుడిచిపెట్టగలదనడానికి భారతదేశమే సాక్షి. పశువులకు నొప్పి మందుగా ఇచ్చిన డైక్లోఫెనాక్, అవి చనిపోయిన తరువాత కళేబరాలలో మిగిలి, వాటిని తిన్న రాబందుల మూత్రపిండాలను చెడగొట్టింది. ఈ సంబంధం 2004లో ప్రచురితమైన పరిశోధనతో రుజువైంది. అప్పటికే కొన్ని జాతుల రాబందులు నూటికి తొంభైకి పైగా తగ్గిపోయాయి. 2006లో భారత ప్రభుత్వం పశువైద్యంలో ఆ మందును నిషేధించింది. అయినా మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు పశువులకు చేరుతుండడంతో, 2015లో మనుషుల సూదిమందును ఒక్క మోతాదు 3 మిల్లీలీటర్లకు పరిమితం చేసింది. రాబందులు లేని చోట కళేబరాలపై కుక్కలు పెరగడం, రేబిస్ భయం పెరగడం పరిశోధకులు గుర్తించిన మరో పరిణామం. గోవుకు, మనిషికి మందైనది రాబందుకు విషమైంది. ఇంట్లో పిల్లికి వేసే మాత్రలోనూ ఉన్నది ఈ సూత్రమే.

10. ఆచరణలో పాటించవలసినవి:

పెంపుడు జంతువు పొరపాటున మందు మింగినా, ఇంటివారే వేసినా దాచకుండా పశువైద్యుడికి చెప్పాలి. మందు అట్టను వెంట తీసుకుపోవాలి. ఎన్ని మాత్రలు, ఏ వేళకు, జంతువు బరువు ఎంత అన్న మూడు వివరాలు చికిత్సకు పునాది. ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించడం సరికాదు. ఉప్పే విషమై మెదడును దెబ్బతీయవచ్చు. మగతగా ఉన్న జంతువు నోట్లో పాలు, నూనె పోయరాదు.

చిగుళ్ళ రంగు చూడడం ఎవరైనా నేర్చుకోదగిన పరీక్ష. ఆరోగ్యంగా ఉన్నప్పుడే వాటి రంగును ఒకసారి గమనించి ఉంచుకుంటే, తెలుపు, పసుపు, నీలం, గోధుమ రంగులలో ఏది కనిపించినా వెంటనే తేడా తెలుస్తుంది. కొన్ని జంతువులకు చిగుళ్ళు సహజంగానే నల్లగా ఉంటాయి. అప్పుడు కంటి కింది రెప్ప లోపలి భాగం చూడాలి. పిల్లి ఒకటి రెండు రోజులకు మించి ఏమీ తినకపోతే దాని కాలేయంలో కొవ్వు పేరుకొని మరో జబ్బు మొదలుకావచ్చు. అందుకని ‘ఆకలైతే అదే తింటుంది’ అన్న ఉపేక్ష పిల్లి విషయంలో పనికిరాదు.

11. ముగింపు:

1. కుక్కలు, పిల్లులు మందులను విరిచే తీరు మనిషికంటె భిన్నం. మాత్రను చిన్నగా తుంచడం ఈ భేదాన్ని పూరించదు.

2. పారాసిటమాల్, పెర్మెత్రిన్ పిల్లులకు నిషిద్ధాలు. మనుషుల నొప్పి మాత్రలు కుక్కలకూ, పిల్లులకూ ప్రమాదకరాలు.

3. ఐవర్‌మెక్టిన్ వంటి మందుల భద్రత జాతితోపాటు ఒక్కొక్క జంతువు జన్యువుపై కూడా ఆధారపడుతుంది.

4. పార్వో, పిడుదుల జ్వరం, మూత్రబంధం వంటి వ్యాధులలో ఇంటి మందు కాలాన్ని వృథా చేయడమే కాక, వ్యాధి ఇప్పటికే బలహీనపరచిన అవయవాన్ని మళ్ళీ దెబ్బతీస్తుంది.

5. టీకాలు, పిడుదుల నివారణ, పూర్తి గడువు వరకు మందు వాడడం అనే మూడు అలవాట్లు అత్యవసర పరిస్థితులను చాలావరకు తప్పించగలవు.

నోరులేని ప్రాణి తనకు ఏది పడదో చెప్పలేదు. చేయి చాచి ఇచ్చినదాన్ని ఇచ్చినవారి మీది నమ్మకంతో మింగుతుంది. ఆ నమ్మకానికి తగిన తెలివిడి కూడా ప్రేమలో భాగమే. మాత్ర వేసే ముందు పశువైద్యుడిని అడగడానికి పట్టే కొద్ది నిమిషాలు చాలాసార్లు ఆ ప్రాణికి మిగిలే ఆయుష్షు అవుతాయి.